అర సెకను

ఆకాశంల ఉన్నది సర్కారుది.
కప్పు మీది గొడుగు కంపెనీది.
గొడుగు నిలబడ్డ ఇనుప పైపు పంచాయతీది.
పైపు ఊగకుండ చుట్టిన మోకు మాత్రం
ఈసం నాగక్క పొద్దుగాల
తన బర్రె మెడ నుంచి ఇప్పి ఇచ్చింది.
దానికి ఏ ఫైల్లనూ పద్దు లేదు.

నేను ఐలయ్యను. టెలిఫోన్ ఆఫీసు లైన్‌మన్‌ను.
ఇరవై తొమ్మిదేండ్లు తాడ్వాయి అడవిల తీగ మోసిన.
స్తంభంల జుమ్మనే చప్పుడు ఇని
తేనెపట్టనుకొని ఎలుగు ఎక్కింది ఒకసారి.
జంపన్నవాగు పొంగిన ఏడు
తీగా పోయె, స్తంభమూ పోయె,
వాటిని లెక్కరాసిన నా పుస్తకమూ పోయె.
ఇప్పుడు తీగ లేకుండనే మాట పోతదంటే,
ముప్పై ఆరు వేల కిలోమీటర్లు పైకి,
మళ్ల అంత కిందికి అంటే
నవ్విన.

నుస్రత్ నవ్వలే.
కాజీపేట పిల్ల, డీజిల్ కాలనీల పెరిగింది.
ఒక చేతిల స్పానర్, ఒక చేతిల ఫోను దిక్సూచి,
మెడల కంపెనీ కార్డు,
కార్డు మీది ఫొటో ఆమె లెక్కనే లేదు.
"దక్షిణం నుంచి కొంచెం పడమరకు, అంకుల్.
లేపండి. ఇంకా. నడినెత్తికి కాదు...
అరె, ఎక్కువైంది!"
గులేరు పట్టిన చెయ్యి నాది, గురి నాకు తెలుసు.
కానీ కనబడే పిట్టకు కొట్టుడు వేరు.

ఒప్పందం కాయితం పద్నాలుగు పేజీలు.
నాలుగు నెలలు హన్మకొండకు, హైదరాబాదుకు
నా కన్న ఎక్కువ బస్సులు తిరిగింది.
పిడుగు పడితే ఖర్చెవరిదో రాసిండ్రు.
కోతి గుంజితే ఎవరిదో రాయలే.
కోతి మొదటి రోజే వచ్చింది.

గదికి రెండు తాళాలు,
ఒకటి మా ఆఫీసుది, ఒకటి వాళ్లది.
నుస్రత్‌కు జ్వరమొచ్చి మూడొద్దులు రాకపోతే
మూడొద్దులూ ఆకాశం తాళమేసి ఉన్నది.
నాలుగోనాడు రెండు చెవులూ ఒక్క దారానికి కట్టి
ఏఎన్నెమ్ స్వరూప మెడల ఏసినం.
పై ఆఫీసులకు చెప్పలే.
మీరూ చెప్పకుండ్రి.

ఆ వారమే ముసురు పట్టింది.
నాగక్క మనవడు, ఏడాది నిండని పోరడు,
ఒళ్లు పెనం లెక్క కాలుతున్నది.
తెర మీద వరంగల్ డాక్టరు,
మబ్బు కమ్మినప్పుడల్లా
ఆయన మొహం గళ్లుగళ్లుగ ఇరిగి మళ్ల అతుక్కుంటున్నది.
"ఎన్నొద్దుల నుంచి?"
నాగక్క కోయమాట స్వరూప నోట తెలుగైంది:
"ఐదొద్దులు."

సప్పుడు లేదు.

పోయింది, మళ్ల పోయిందనుకొని
నేను నిచ్చెన కాడికి ఉరికిన.
నుస్రత్ అంగీ పట్టి ఆపింది:
"ఆగండి, దారిల ఉంది."

వచ్చింది.
ఏ మందు, ఎన్ని చుక్కలు,
పొద్దటికి తగ్గకుంటే బండి ఎటు రావాల్నో
అన్నీ వచ్చినయ్, ఒక్కొక్క మాట కొంచెం ఆగి, కొంచెం ఆగి.

నాగక్కకు ఆ ఆగుడు నచ్చింది.
"ఈ డాక్టరు మంచోడు.
అడిగినంక ఆలోచన జేస్తడు.
పోయినేడు పట్నంల ఒకాయన
నేను నోరు తెరవకముందే చీటీ రాసిండు."

నుస్రత్ నా దిక్కు చూసింది.
నేను ఆమె దిక్కు చూసిన.
ఆ అర సెకను డాక్టరుది కాదు,
మాట అంత దూరం పోయి దిగిరావాలె గదా
అని చెప్పబోయి
ఇద్దరం ఊకున్నం.
సర్కారూ కంపెనీ
ఒక్కమాట మీద నిలబడ్డది నేను చూసిందల్లా
అప్పుడొక్కసారే.

పోరడు ఇప్పుడు గొడుగు నీడల పాకుతున్నడు.
బర్రె తెగి పక్కగూడెం చేన్ల పడుతున్నది.
మోకు పైసల కోసం
రెండు ఆఫీసులకూ అర్జీ పెట్టిన,
ఆర్నెల్లాయె.
నుస్రత్‌ను అడిగిన మొన్న.
ఈసారి నవ్వింది.
"దారిల ఉంది, అంకుల్."